దస్తావేజు చివరి పేజీలు: రాజ్యాంగ షెడ్యూళ్లలో మన ఊరు ఎక్కడుంది?

శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు సాయంత్రాలు రాజ్యాంగం పాఠం చెబుతుంటాను. పోయిన చలికాలంలో ఒకరోజు తరగతి ముగిశాక, మందస వైపు కొండకింది పల్లె నుంచి వచ్చే సవర కుర్రవాడు ఒకడు ఆగిపోయాడు. చేతిలో వేలిముద్రలతో నలిగిన రాజ్యాంగం పుస్తకం ఉంది.

"మాస్టారూ, ఐదో షెడ్యూలు మూడుసార్లు చదివానండీ. మా ఊరి పేరు లేదు. అసలు ఏ ఊరి పేరూ లేదు. మరి సీతంపేట షెడ్యూల్డ్ ఏరియా ఎలా అయింది? మాది ఎందుకు కాలేదు?"

పన్నెండు షెడ్యూళ్లను వరస తప్పకుండా అప్పజెప్పగల పిల్లలు నాకు ఏటా కనబడతారు. ఈ ప్రశ్న అడిగినవాడు ఇంతవరకు ఇతనొక్కడే. ఒక్క వాక్యంలో తేలే జవాబు కాదు కాబట్టి ఇంత వ్యాసం రాస్తున్నాను.

భూమి కొన్నవాళ్లకు షెడ్యూలు అనే మాట కొత్త కాదు. క్రయ దస్తావేజు తీసి చూడండి. మొదటి పేజీల్లో అమ్మేదెవరు, కొనేదెవరు, ఎంత సొమ్ము ముట్టింది, హక్కులు ఎలా దఖలు పడుతున్నాయి అన్న సంగతులు ఉంటాయి. భూమి మాత్రం అక్కడ ఉండదు. చివరికి వెళితే 'షెడ్యూలు ఆస్తి' అని మొదలై ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, తూర్పున ఫలానావారి మెట్ట, దక్షిణాన గెడ్డ, పడమర పుంత, ఉత్తరాన చెరువు గట్టు అని హద్దులు కనబడతాయి. ముందు పేజీల్లో ఎన్ని హక్కులు రాసినా ఈ నాలుగు హద్దులు లేకపోతే ఆ కాగితం ఏ నేల మీదా నిలవదు.

రాజ్యాంగం కట్టుబడి కూడా ఇంతే. అధికరణం హక్కునో అధికారాన్నో సూత్రంగా చెబుతుంది. అది ఎవరికి, ఎక్కడ, ఎంతవరకు అన్న వివరం షెడ్యూలు చెబుతుంది. భారత్ రాష్ట్రాల సమ్మేళనం అని ఒకటో అధికరణం అంటే, ఆ రాష్ట్రాలు ఏవో మొదటి షెడ్యూలు చెబుతుంది. ప్రతి షెడ్యూలు తలకట్టు కిందా అది ఏ అధికరణానికి చెందినదో అచ్చు వేసి ఉంటుంది. పిల్లలకు నేను చెప్పే మొదటి సలహా ఆ అంకెలు చూడమని. తల్లి అధికరణం తెలియకుండా షెడ్యూలు చదవడమంటే, అమ్మినదెవరో తెలియకుండా హద్దులు చదవడమే. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు షెడ్యూళ్లు 8. తొమ్మిదోది 1951లో, పదోది 1985లో, పదకొండు, పన్నెండు 1992 నాటి సవరణలతో వచ్చాయి.

ఇక కుర్రవాడి ప్రశ్న. ఐదో షెడ్యూలుకు తల్లి 244వ అధికరణం. అందులో గవర్నరు షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి రాష్ట్రపతికి నివేదిక పంపాలని ఉంది. ఇరవై మందికి మించని గిరిజన సలహా మండలి ఉండాలని, అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు గిరిజన శాసనసభ్యులు కావాలని ఉంది. ఏదైనా చట్టం ఆ ప్రాంతానికి వర్తించదని, లేదా ఫలానా మార్పులతో వర్తిస్తుందని గవర్నరు ప్రకటించవచ్చని, భూమి బదిలీని అడ్డుకునే నిబంధనలు చేయవచ్చని ఉంది. ఇంతా చెప్పి, షెడ్యూల్డ్ ప్రాంతం అంటే ఏమిటన్న చోట 'రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ప్రకటించినది' అని ఆగిపోతుంది. హద్దులు మరో కాగితంలో ఉన్నాయన్నమాట. ఆ కాగితం 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు గీసిన గీత కొత్తది కాదు. 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ జమీందారీల్లో తిరుగుబాట్లు చెలరేగాయి. వాటిని అణచాక కంపెనీ ప్రభుత్వం 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. అక్కడ కలెక్టరు కలెక్టరుగా కాక గవర్నరుకు ఏజెంటుగా పాలించేవాడు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్న మాట అక్కడిది. 'షెడ్యూల్డ్' అన్న విశేషణం 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం నుంచి వచ్చింది. 1935 చట్టంలో ఇలాంటి ప్రాంతాలకు పూర్తిగానో పాక్షికంగానో 'మినహాయించినవి' అన్న పేరు పెట్టారు. స్వతంత్రం వచ్చాక మన ఉత్తర్వు విశాఖపట్నం ఏజెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ అంటూ ఆ పాత పేర్లతోనే ప్రాంతాలను ప్రకటించింది. దొరల కాలంలో తమ పాలనకు వీలుగా గీసుకున్న గీతే, స్వతంత్ర దేశంలో గిరిజనుడి భూమికి రక్షణ ఉంటుందో లేదో తేల్చే గీత అయింది. ఈ ఒక్క విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఆ గీత లోపల పడ్డవి సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వంటి చోట్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండిన ఈ ఏజెన్సీ 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. గీత బయట పడ్డ గిరిజన గ్రామాలు మందస, మెళియాపుట్టి లాంటి మండలాల్లో ఉన్నాయి. వీటిని ఇక్కడ అందరూ 'నాన్‌షెడ్యూల్డ్ గ్రామాలు' అంటారు. కుర్రవాడి ఊరు అందులో ఒకటి.

చదువుకున్నవాళ్లు కూడా తడబడే ముడి ఇక్కడే ఉంది. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల జాబితాలు రాజ్యాంగంలోని పన్నెండు షెడ్యూళ్లలో దేనిలోనూ లేవు. అవి 341, 342 అధికరణాల కింద 1950లో రాష్ట్రపతి ఇచ్చిన వేరే ఉత్తర్వుల్లో ఉన్నాయి. సవర, జాతాపు, గదబ అన్న పేర్లు ఆ తెగల జాబితాలోవి. ఐదో షెడ్యూలు వ్యవహారం ప్రాంతానిది. అందువల్ల మందస సవర కుర్రవాడికి కుల ధ్రువపత్రం ఉంటుంది, చదువులోనూ ఉద్యోగంలోనూ రిజర్వేషన్ ఉంటుంది. ఆ హక్కు మనిషి వెంట నడుస్తుంది. భూ రక్షణ మాత్రం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. సీతంపేటలో ఉన్న అతని మేనమామ పొలాన్ని గిరిజనేతరుడు కొంటే ఆ కొనుగోలు చెల్లదు. ఇతని తండ్రి జీడితోటకు ఆ కవచం లేదు. తెగ ఒకటే, ఇంట్లో మాట్లాడే భాష ఒకటే, కొండ వరస కూడా ఒకటే.

ఆ కవచం పేరు 1959 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన. 1970లో దానికి వచ్చిన సవరణను జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదని, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలని, కాదని నిరూపించుకునే భారం అతనిదేనని ఆ సవరణ చెప్పింది. ఇది ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. అక్కడి నుంచి శ్రీకాకుళం గిరిజన పోరాటం రగిలింది. అప్పుల కింద, గింజల కింద పోయిన పొలాలే దాని మూలం. ఆ పోరాటం నడుస్తుండగానే ఈ సవరణ వచ్చింది.

ఐదో షెడ్యూలు తీరు కోర్టుల్లోనూ పరీక్షకు నిలిచింది. ఈ నిబంధన చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. 1997లో సమత కేసులో ఇంకా ముందుకు వెళ్లి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం తన సొంత భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు ఇచ్చింది. 2020లో మాత్రం ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన ఉత్తర్వును కొట్టివేసింది. వంద శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. కొండ భాష తెలిసిన టీచరు ఒకటో తరగతి పిల్లవాడికి ఎంత అవసరమో చూసినవాడిగా ఆ తీర్పు ఫలితం నన్ను కలవరపెట్టింది.

గ్రామసభ విషయంలోనూ గీత లోపల ఒక తీరు, బయట ఒక తీరు. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అక్కడి గ్రామసభలకు భూసేకరణ ముందు సంప్రదింపు, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం వంటి అధికారాలు ఇచ్చింది. నాన్‌షెడ్యూల్డ్ గ్రామంలో గ్రామసభ ఉంటుంది కానీ ఈ అధికారాలు ఉండవు.

'వన్ ఆఫ్ సెవెంటీ'కి ఇంకో గూడు కూడా ఉంది. అది తొమ్మిదో షెడ్యూలు. ఈ షెడ్యూలు కథ మన విజయనగరం, బొబ్బిలి కోటల గుమ్మాల్లోంచి నడిచింది. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం చేసి జమీందారీలను స్వాధీనం చేసుకుంది. ఇలాంటి చట్టాల మీద దేశమంతటా జమీందారులు కోర్టుకెక్కారు. బీహారు భూసంస్కరణ చట్టాన్ని 1951లో పాట్నా హైకోర్టు కొట్టేసింది కూడా. ఇలా వదిలేస్తే భూసంస్కరణలు కాగితం మీదే మిగులుతాయని తలచి, అదే ఏడాది మొదటి సవరణతో 31-బి అధికరణాన్ని, తొమ్మిదో షెడ్యూలును చేర్చారు. ఈ జాబితాలో చేరిన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు భంగమన్న కారణంతో కొట్టేయకూడదు. మొదట పెట్టిన 13 చట్టాల్లో తొమ్మిదోది, పదోది మన మద్రాసు ఎస్టేట్ల చట్టం, దాని సవరణ. ఈ జిల్లాల్లో రైతువారీ పట్టా ఉన్న ఎన్నో కుటుంబాల వెనుక ఆ రెండు పంక్తులు ఉన్నాయి.

తర్వాత ఆ జాబితా 284 చట్టాల దాకా పెరిగింది. భూసంస్కరణతో సంబంధం లేనివి కూడా చేరాయి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఎవరూ చెరపకూడదంది. ఆ తేదీ తర్వాత తొమ్మిదో షెడ్యూలులో చేరిన ఏ చట్టాన్నయినా ఆ గీటురాయి మీద పరీక్షించవచ్చని 2007లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మన భూ బదలాయింపు నిబంధన, దాని సవరణలు ఇందులో చేరింది 1990లో. కాబట్టి దానికి ఈ గూడు పూర్తి రక్ష కాదు. దాని అసలు బలం ఐదో షెడ్యూలులోనే ఉంది.

హద్దు తెగకపోతే ఏమవుతుందో చూడాలంటే సాలూరు మండలం కొండల్లోని కొఠియా గ్రామాలకు వెళ్లాలి. మొదటి షెడ్యూలులో మన రాష్ట్రం ఎదుట జిల్లాల పేర్లు ఉండవు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం మొదలుకొని కొన్ని చట్టాల సెక్షన్లు చూసుకోమని ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పేరు కనబడేది ఆ చట్టంలో. ఒడిశా ఎదుట, రాజ్యాంగం అమలుకు ముందు ఆ రాష్ట్రంలో ఉన్నవి లేదా అందులో భాగంగా పాలించినవి అని ఉంటుంది. అది ఎక్కడిదాకా అన్న తగువులో ఇరవై ఒక్క పల్లెలు ఇరుక్కున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పటి నుంచి ఉన్న ఆ చిక్కు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. యథాతథ స్థితి కొనసాగించమన్నారు. 2021లో మన ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టు తలుపు తట్టింది. ఆ పల్లెల్లో ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల కార్డులు ఉంటాయి. రెండు ప్రభుత్వాల పథకాలు వస్తున్నాయి కదా అనేవాళ్లున్నారు. ఏ రాష్ట్రమో తెలియని నేలకు పట్టా ఎవరిస్తారో వాళ్లు చెప్పాలి.

రోజువారీ బతుకులో అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది ఏడో షెడ్యూలు. కేంద్రానిది, రాష్ట్రానిది, ఇద్దరిదీ అని మూడు జాబితాలు. పుస్తకంలో పొడిగా కనబడే ఈ పంపకాన్ని కళింగపట్నం రేవులో పడవ ఎక్కి చూడండి. చేపల పెంపకం, వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతలి వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ఆ హద్దు తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు. తెల్లవారుజామున తెరచాప ఎత్తిన మత్స్యకారుడు చేపల గుంపు వెంట వెళుతూ, నీళ్ల రంగు మారడం తప్ప మరే గుర్తూ లేని చోట ఒక జాబితాలోంచి మరో జాబితాలోకి దాటిపోతాడు.

వంశధారదీ అదే వరస. నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. కానీ ఆ అంశంలోనే 'కేంద్ర జాబితాలోని 56కు లోబడి' అన్న మెలిక ఉంది. 56 అంటే అంతర్రాష్ట్ర నదులు. వంశధార ఒడిశాలో పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీటి మీద పూర్తి హక్కు మనదే అనుకున్న రైతుకు నేరడి బ్యారేజీ దశాబ్దాలు ఎందుకు ఆగిందో ఈ మెలికలో సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం 262వ అధికరణంలో ఉంది. అంతర్రాష్ట్ర జల వివాదాల పరిష్కారానికి దారి చూపినది అదే. 2010లో వేసిన వంశధార ట్రిబ్యునల్ 2017లో బ్యారేజీకి అనుమతిస్తూ తీర్పు ఇచ్చింది. ఇక నెల్లిమర్ల, బొబ్బిలి మిల్లులకు ముడిసరుకైన జనపనార ఉమ్మడి జాబితాలో 33వ అంశంలో ఉంది. మద్దతు ధర అడిగే రైతుకు ఢిల్లీ, అమరావతి రెండూ ఒకదాన్నొకటి చూపించగలవు. చదువు మొదట రాష్ట్ర జాబితాలోది. 1976లో 42వ సవరణ దాన్ని, అడవులను ఉమ్మడిలోకి తెచ్చింది. ఉమ్మడిలో కేంద్ర, రాష్ట్ర చట్టాలు తలపడితే సాధారణంగా కేంద్రానిదే పైచేయి.

ఎనిమిదో షెడ్యూలు దగ్గర కుర్రవాడు మళ్లీ ఆగాడు. 1950లో 14 భాషలు, ఇప్పుడు 22. తెలుగు ఉంది, ఒడియా ఉంది. అతని ఇంటి భాష సవర లేదు. సవరలాగే ముండా భాషా కుటుంబానికి చెందిన సంతాలీ 92వ సవరణతో చేరింది. ఈ జాబితాలో ఉంటేనే భాష అని కాదు. అయితే సివిల్ సర్వీసు పరీక్షలో భాషా పత్రం దగ్గర నుంచి ప్రభుత్వ ఆదరణ దాకా ఆ పేరు ఉండటంతో ముడిపడినవి ఉన్నాయి. గిడుగు వేంకట రామమూర్తి గారిని మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు తలచుకుంటాం. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన కూర్చిన మాటలు ఇంకా ఈ కొండల్లో వినబడుతున్నాయి. షెడ్యూలులో ఆ భాషకు చోటు రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. రెండోది రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయమూర్తులు, స్పీకర్లు తదితరుల జీతభత్యాలు. మూడోది మంత్రులు, సభ్యులు, న్యాయమూర్తులు చేసే ప్రమాణాల పాఠం. నాలుగోది రాజ్యసభ స్థానాల పంపకం, 2014 విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. ఆరోది అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం గిరిజన ప్రాంతాలకు స్వయంపాలక మండళ్లు ఇస్తుంది. ఐదో షెడ్యూలులో గవర్నరు చేతిలో పెట్టిన అధికారంలో చాలా భాగం అక్కడ ఎన్నికైన గిరిజన మండలి చేతిలో ఉంటుంది. పదోది పార్టీ ఫిరాయింపుల నిషేధం. మూడింట ఒక వంతు చీలితే తప్పించుకునే దారిని 2003లో మూసేశారు, మూడింట రెండు వంతులతో విలీనమనే దారి ఇంకా తెరిచే ఉంది. పదకొండోది పంచాయతీలకు 29 అంశాలు, పన్నెండోది పురపాలికలకు 18. తాగునీరు, ప్రాథమిక విద్య, సంతలు అన్నీ పదకొండో జాబితాలో ఉన్నాయి. కానీ వాటి తల్లి అయిన 243-జి అధికరణం రాష్ట్రం ఈ అధికారాలు 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇవ్వాలి' అనదు. మన సర్పంచులకు జాబితా అందింది, పెత్తనం అందలేదు.

షెడ్యూళ్లను మార్చే దారులు కూడా ఒక్కటి కాదు. ఏడో షెడ్యూలు జాబితాలు మార్చాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. ఎనిమిదో షెడ్యూలుకు ప్రత్యేక మెజారిటీతో సవరణ చాలు. మొదటిది, నాలుగోది రాష్ట్రాల పునర్విభజన చట్టంతోనే మారతాయి, అది రాజ్యాంగ సవరణ కిందికి రాదని నాలుగో అధికరణమే చెబుతుంది. ఐదో షెడ్యూలు పాఠాన్ని కూడా పార్లమెంటు మామూలు చట్టంతో మార్చవచ్చు.

ఒక ఊరిని షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చడానికి అదీ అక్కర్లేదు. ఐదో షెడ్యూలు ఆరో పేరాకు 1976లో ఒక మాట చేర్చారు. గవర్నరుతో సంప్రదించి రాష్ట్రపతి ఉత్తర్వు ఇస్తే ఉన్న ప్రాంతం విస్తీర్ణం పెరుగుతుంది. మందస, మెళియాపుట్టి పల్లెలు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నది ఈ ఉత్తర్వునే. అలా ప్రకటించడానికి కేంద్రం చూసే కొలమానాలు నాలుగు: గిరిజన జనాభా అధికంగా ఉండటం, ప్రాంతం విడిపోకుండా ఒక్క ముక్కగా ఉండటం, పరిపాలనకు వీలైన విభాగంగా ఉండటం, చుట్టుపక్కలకన్నా వెనుకబడి ఉండటం. ఇవి రాజ్యాంగంలో రాసినవి కావు, పాటిస్తూ వచ్చినవి. గిరిజనేతర గ్రామాల మధ్య చెల్లాచెదురుగా ఉన్న పల్లెలకు రెండోదే పెద్ద అడ్డంకి అని కుర్రవాడికి చెప్పాను.

రెండు వారాల తర్వాత అతను ఒక చార్టు కాగితం చుట్టి తెచ్చాడు. తన ఊరితో పాటు దాన్ని ఆనుకుని ఉన్న సవర పల్లెలన్నిటినీ పెన్సిల్‌తో గుర్తించాడు. ఒక్కో ఊరి పక్కన గడపల లెక్క రాశాడు. పల్లె నుంచి పల్లెకు గీత కలుపుకుంటూ వెళితే ఎక్కడా తెగలేదు. కాగితం అడుగున, దస్తావేజులో రాసినట్టే, నాలుగు వరసలు ఉన్నాయి. తూర్పు: జీడితోటలు. దక్షిణం: గెడ్డ. పడమర: కొండ. ఉత్తరం: ఒడిశా సరిహద్దు.